తువ్వాలు కప్పిన గేజి

లోవరాజు మేస్త్రి చెవి గురించి నర్సీపట్నంలో చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. వాటిలో చాలావరకు నేను పుట్టించినవే. మిగిలిన సగం మాత్రం నా కళ్ళతో చూశాను. అబీద్ సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడి, వెనకనుంచి పోతున్న జీపు వైపు తల కూడా తిప్పకుండా, "మూడో ప్లగ్గు అందుకోటం నేదు. మజ్జాన్నానికి మన షెడ్డుకే వస్తాడు, సూడు" అనేవాడు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఆ జీపు మా షెడ్డు ముందు నిలబడి ఉండేది.

నా పేరు కొండబాబు. బండ్ల కరెంటు పని నాది. సెల్ఫ్ మోటారు, డైనమో, హారను, లైట్లు చూస్తాను. చింతపల్లి రోడ్డులో మేస్త్రి షెడ్డులోనే ఒక మూల నా బల్ల. ఎనభై ఎనిమిదిలో వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేవలేదు. ఆయన ఇంజను చూస్తే నేను వైర్లు చూసేవాణ్ణి. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను "ఒరే" అని ఎంత ప్రేమగా పిలిచేవాడో అంత కోపంగానూ పిలిచేవాడు. రెండిటికీ తేడా నాకొక్కడికే తెలిసేది.

ఆయన పనంతా కార్బొరేటర్ దగ్గర. ఇంజనులోకి గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో వెళ్ళాలో సరిచేయడాన్నే మేం ట్యూనింగ్ అంటాం. అందరు మెకానిక్కులూ స్క్రూ తిప్పి, పొగ చూసి, ఎక్సలేటర్ లాగి ఊరుకుంటారు. మేస్త్రి అలా కాదు. ఒక పొడుగు స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ పిడి ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళ చేత తిప్పించుకున్నది. దాని మీద పసుపూ ఎరుపూ లక్క గీతలు. చెవి ఆనే చోట మాత్రం రంగు పోయి కర్ర తేలింది. కళ్ళు మూసుకున్న ఆ నిమిషంలో షెడ్డులో ఎవరూ దగ్గకూడదు.

షెడ్డులో ఇంకొక చట్టం కూడా ఉంది. పార్టీ ముందర మేస్త్రి మాట కాదనకూడదు. బండి తెచ్చినవాణ్ణి మేం పార్టీ అంటాం. మేస్త్రి తప్పు చేశాడనిపిస్తే పార్టీ వెళ్ళాక చెప్పు, కావాలంటే తిట్టు, కానీ పార్టీ వింటుండగా నోరెత్తకు. నేను వచ్చిన మొదటి ఏడాది ఒకసారి నోరు జారాను. మేస్త్రి నన్నొక్క మాట అనలేదు. మూడు రోజులు నాతో మాట్లాడడం మానేశాడంతే. ఆ మూడు రోజులు చాలు, పద్దెనిమిదేళ్ళపాటు చట్టం నా ఎముకల్లో ఉండిపోయింది.

రెండు వేల మూడులో అనుకుంటాను, మేస్త్రి భార్య మహాలక్ష్మమ్మక్క క్యారేజీ పట్టుకొచ్చి నవ్వుతూ అంది. "మీ మేస్త్రి నా మాట ఇనడం మానీసినాడ్రా కొండబాబూ."

"ఏ మొగుడు ఇన్నాడక్కా?" అని నేనూ నవ్వాను.

ఆర్నెల్ల తరవాత ఆయన లేనప్పుడు చూసి మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వడం లేదు. "కుక్కరు ఏడు కూతలు కూసినాది. పక్కనే పేపరు సదువుకుంటన్నాడు. నేను పెరట్లో ఉన్నాను. దించనేదు. పప్పు బొగ్గయిపోనాది. ఏటయ్యా, ఇనబడనేదా అంటే, ఏ కూతే అనడుగుతన్నాడు."

నేనూ నవ్వలేదు. ఎందుకంటే నేనూ గమనిస్తున్నాను. లారీ హారను వినిపిస్తోంది ఆయనకి, జనరేటరు దడదడ వినిపిస్తోంది. సన్ననివే వినిపించడం లేదు. సెల్‌ఫోను మోగితే నేను చూపించాల్సి వస్తోంది. ముప్పై ఏళ్ళు ఇంజన్ల మధ్య తల పెట్టుకుని బతికిన చెవి ఏమవుతుంది మరి! చెప్పిన మాట అందకపోతే నవ్వుతూ తలూపి, "అంతే, అంతే" అనడం అలవాటు చేసుకున్నాడు. వయసు మీదపడి మేస్త్రి మెత్తబడ్డాడని ఊళ్ళో వాళ్ళు మురిసిపోయారు.

"ఆయనకి సెప్పకు" అంది అక్క. "సెవి పోనాదని తెలిస్తే మడిసి బతకడు. ఆ సెవే గదా మేస్త్రంటే. నువ్వు పక్కనుండి సూసుకో."

సరేనని మాటిచ్చాను. చూసుకోవడమంటే ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. డాక్టరుకు చూపించాలనుకున్నాను. నాకే చెవిపోటు అని అబద్ధమాడి, యలమంచిలి వెళదాం తోడు రమ్మన్నాను. అక్కడికి వెళ్ళాక ఈయన చెవి కూడా చూపిద్దామని నా తెలివి. మేస్త్రి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, వెల్లుల్లి వేసి కాచిన నూనె తెప్పించి, తన చేత్తోనే నా చెవిలో పోశాడు. "దీనికి డాక్టరేట్రా ఎర్రోడా!" అన్నాడు. రెండు రోజులు నాకే ఏమీ వినిపించలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ గేజి.

మన్మథరావుగారికి జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. దానికంటే ఎక్కువగా ఇంజన్ల పిచ్చి ఉంది. కార్బొరేటర్ ఉన్న పాత జిప్సీ ఒకటి కొని, దాని సైలెన్సరు మార్చి, కార్బొరేటర్ మార్చి, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేసేవారు. రెండు వేల ఐదు ఆగస్టులో బెంగళూరు వెళ్ళి, కారు రేసులాడేవాళ్ళ దగ్గర రెండు వస్తువులు సంపాదించుకొచ్చారు. ఒకటి గడియారమంత గుండ్రటి గేజి. దాని సెన్సరు సైలెన్సరు గొట్టానికి బిగించి ఉంటుంది. రెండోది రెండు అగ్గిపెట్టెలు కలిపినంత డబ్బా. పేరు డేటా లాగర్. గేజిలో పడే అంకెని సెకనుకు పదిసార్లు రాసుకుని, టైముతో సహా ల్యాప్‌టాప్‌లో గీతగా గీసి దాచిపెడుతుంది. వైర్లు కలిపే పని నాది కాబట్టి ల్యాప్‌టాప్ కూడా నా ఒళ్ళోకే వచ్చింది.

ఆ అంకె చెప్పేది ఒక్కటే సంగతి. ఒక గ్రాము పెట్రోలుకి ఎన్ని గ్రాముల గాలి కలిసి కాలుతోందో చెబుతుంది. బండి నిలబెట్టి ఇంజను నడుపుతున్నప్పుడు పద్నాలుగున్నర, ఇంకొంచెం పైన ఉంటే చాలు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజనుకి పెట్రోలు ఎక్కువ కావాలి, అంకె పన్నెండున్నరకో పదమూడుకో దిగాలి. ఎక్కుడులో పదిహేను దాటిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. అప్పుడు లోపలి మంట పిస్టన్ని తినేస్తుంది. వైర్లు అతికే నాబోటివాడికే వారంలో వచ్చేసింది, ఇదేం బ్రహ్మవిద్య కాదు.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చెవితో పని లేని చూపు ఇది! కళ్ళుంటే చాలు. మేస్త్రి దీనికి అలవాటు పడితే ఇంకో పాతికేళ్ళు మేస్త్రిగానే ఉంటాడు, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

మేస్త్రి గేజిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గడియారం సూసుకుని ఆకలేస్తదేటండి బాబూ?" అన్నాడు. లాగర్‌ని చూసి, "ఇదేట్రా, సిత్రగుప్తుడా? మనం సేసిందంతా రాసీసుకుంటాదా?" అని నవ్వాడు. అప్పటినుంచి మా షెడ్డులో దాని పేరు చిత్రగుప్తుడు.

మన్మథరావుగారికి సరదా పుట్టింది. "పందెం మేస్త్రీ. గేజి చూడకుండా మీ చెవితో ట్యూన్ చెయ్యండి. తరవాత చూద్దాం ఎవరు కరెక్టో."

మేస్త్రి భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గేజి మీద కప్పేశాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించాడు. నిలబెట్టిన బండి చప్పుడు లావుగా ఉంటుంది, అప్పటికి అది ఆయనకి ఇంకా అందుతోంది. కళ్ళు మూసుకుని, రెండో చేత్తో స్క్రూ తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగాడు. బట్టల సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, తువ్వాలు లాగాడు. పద్నాలుగూ పాయింటు ఏడు!

ఈలలు వేశారు. పక్కనున్న టైర్ల కొట్టువాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి చూశారు. మన్మథరావుగారు మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, బుద్ధిలేనివాణ్ణి. ఆ తువ్వాలే మా కొంప ముంచింది.

ఎందుకంటే ఆ రోజు తరవాత మేస్త్రి నలుగురిలో గేజి వైపు చూడలేడు. చూస్తే ఓడిపోయినట్టే. మన్మథరావుగారు నెలకోసారి జిప్సీ తెచ్చేవారు. స్నేహితుల్ని కూడా తెచ్చేవారు. ఒకసారి ఎస్. రాయవరం నుంచి చెరుకు రైతులు కారేసుకుని వచ్చారు చూడ్డానికి. ప్రతిసారీ అదే తంతు. మేస్త్రి తువ్వాలు కప్పుతాడు, ట్యూన్ చేస్తాడు, వెనక్కి వెళ్ళి చేతులు కడుక్కుని వస్తాడు, తువ్వాలు తీస్తాడు. అంకె చూసి అందరూ ఆహా అంటారు.

మూడో నెలలో ల్యాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది. తువ్వాలు గేజికే కప్పారు గాని చిత్రగుప్తుడికి కప్పలేదు కదా. మేస్త్రి చెయ్యి తీసేసరికి తెర మీద పదమూడూ పాయింటు రెండు. పెట్రోలు ఎక్కువైపోయింది. ఆయన తృప్తిగా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మన్మథరావుగారు స్నేహితుడికి మేస్త్రి గొప్పతనం వర్ణించి చెబుతున్నారు. నేను వైరు చూస్తున్నట్టు ఇంజను మీదికి వంగి, చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా బిగించాను. పద్నాలుగూ పాయింటు ఆరు వచ్చాక తప్పుకున్నాను. మేస్త్రి వచ్చి తువ్వాలు తీశాడు. ఆహా అన్నారు.

ఆ పూట నేను చేసింది ధర్మమే అనుకున్నాను. తరవాతి నెల పన్నెండూ పాయింటు తొమ్మిది. మళ్ళీ వంగాను. ఆ తరవాతి నెల పదిహేనున్నర. ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు, చీకట్లో గుమ్మం వెతుక్కునేవాడిలా ఉంది ఆయన చెయ్యి. నేను మాత్రం ప్రతిసారీ గుమ్మం తెచ్చి ఆయన ముందే పెట్టాను. ఆయనకి ఎలా తెలుస్తుంది తప్పిపోయానని? తువ్వాలు తీసినప్పుడల్లా అంకె సరిగ్గానే ఉంది. తన చెవి మీద ఏ మూలో ఉన్న అనుమానం కూడా పోయింది. "సెవి ముదిరే కొద్దీ పదునవుతాదిరా, ఆవకాయ ముక్కలాగ" అన్నాడొకసారి. నేను నవ్వాను. ఇంకేం చెయ్యను?

చెప్పబోయాను. నిజంగా చెప్పబోయాను. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర, పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"మేస్త్రీ, మీకు ఈమజ్జ సరిగ్గా ఇనబడతన్నాదా?"

ఆయన నా మొహంలోకి చూసి నవ్వి తలూపాడు. "అంతే, అంతే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెవుడు ఉందని చెప్పడానికి కూడా చెవి కావాలి. గట్టిగా అరిచి చెబితే అబీద్ సెంటరంతా వింటుంది, ఆయన తప్ప. కాగితం మీద రాసివ్వచ్చు కదా అంటారు. రాశాను. నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. చెమటకు తడిసి మడత దగ్గర చిరిగిపోయింది. మళ్ళీ రాయలేదు. అక్కకి ఇచ్చిన మాట ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికివాడికి ఇచ్చిన మాటలు బాగా గుర్తుంటాయి.

రెండు వేల ఆరు డిసెంబరులో మన్మథరావుగారు ఒక కొత్త సంగతి తెచ్చారు.

"ఘాట్ ఎక్కేటప్పుడు వెనకాల నల్లపొగ వస్తన్నాది మేస్త్రీ. పెట్రోలు కూడా తెగ తాగేస్తన్నాది."

మేస్త్రి కార్బొరేటర్ విప్పాడు. దాని లోపల జెట్టు అని ఇత్తడి ముక్క ఉంటుంది, మధ్యలో సూది బెజ్జం. ఎక్కుడులో పెట్రోలంతా ఆ బెజ్జంలోంచే రావాలి. ఉన్నదాన్ని తీసేసి, దానికంటే మూడు సైజులు చిన్నది బిగించాడు.

మూడు ఎక్కువని నాకు అనిపించింది. పార్టీ పక్కనే ఉన్నాడు. నోరు మూసుకున్నాను.

"ఘాట్ మీద ఇందాం" అన్నాడు మేస్త్రి. "అక్కడ ఇంజనే సెప్తాది సాలిందో నేదో."

పెట్రోలు చాలకపోతే ఎక్కుడులో ఇంజను చెప్పే మాట వాళ్ళిద్దరికీ నాకూ తెలుసు. రేకు డబ్బాలో చింతపిక్కలు వేసి ఆడించినట్టు సన్నగా కటకటమంటుంది. నాకింగ్ అంటాం. అది వినబడగానే కాలు తీసెయ్యాలి. ఆ సన్నని శబ్దమే మేస్త్రి చెవిలోంచి అన్నిటికంటే ముందు పోయిన శబ్దం.

ఇక్కడ స్క్రూ తిప్పి నేను సర్దేది ఏమీ లేదు. జెట్టు లోపల ఉంది. ఇంజను నడుస్తుండగా దాన్ని ఎవడూ మార్చలేడు. అయినా నాకొక ధైర్యం ఉంది. గేజి ఎదురుగా ఉంటుంది కదా, మన్మథరావుగారే అంకె చూసి కాలు తీస్తారు. బండి బయల్దేరుతుండగా ఆయన తన చేత్తోనే మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి గేజికి చుట్టేశారు.

"లంబసింగి వెళ్ళాక తీద్దాం. అక్కడ మన ఫ్రెండ్సు ఇద్దరు చూస్తంటారు. ఏటి మేస్త్రీ?"

మేస్త్రి తలూపాడు.

డౌనూరు దాటాం. ఘాట్ మొదలైంది. ముందు సీట్లో వాళ్ళిద్దరు, వెనక నేను, ఒళ్ళో ల్యాప్‌టాప్. మంచు ఇంకా విడలేదు, చల్లగాలి కొడుతోంది. ఇంజను వినడానికి అద్దాలు దించేశారు. బండి రెండో మలుపు తిరగ్గానే తెర మీద గీత పైకి లేచింది. పదమూడున్నర. పద్నాలుగు. ఫర్లేదులే అనుకున్నాను. పదిహేను. పదిహేనూ పాయింటు ఆరు.

అప్పుడు వినిపించింది. చింతపిక్కలు.

నేను మేస్త్రి తల వెనక భాగం చూస్తున్నాను. నెరిసిన జుట్టు గాలికి లేస్తోంది. తల కదలడం లేదు. ఎక్కడైనా, ఏ మూలైనా ఆ శబ్దం తగిలిందేమోనని ఆయన మెడ వైపే చూశాను. పదహారు.

మన్మథరావుగారికి వినిపించింది. ఇంజన్ల పిచ్చి ఉన్నవాడాయె, ఎందుకు వినిపించదు? కాలు కొంచెం వదిలి, మేస్త్రి వైపు తిరిగి, "ఏటో కటకటమంటన్నాది మేస్త్రీ. ఫర్లేదా?" అని అడిగారు.

మేస్త్రి ఆయన మొహంలోకి చూశాడు. నవ్వాడు. తలూపాడు.

"అంతే, అంతే."

ఇక ఆయన ఎందుకు అనుమానిస్తారు? మూడు మండలాల్లో పేరున్న చెవి పక్కనే కూర్చుని అంతే అంటుంటే. మన్మథరావుగారు మళ్ళీ కాలు తొక్కారు. పదహారూ పాయింటు మూడు.

ఆ బండిలో ముగ్గురం ఉన్నాం. ఒకాయనకి వినిపించింది గాని కనిపించలేదు. ఒకాయనకి వినిపించలేదు, కనిపించలేదు. రెండూ నాకే ఉన్నాయి. నేను నోరు తెరిచాను. "ఆపండి" అనే ఒక్క మాట. ఆ మాట అన్నానంటే మేస్త్రికి వినిపించడం లేదని పార్టీ ముందర చెప్పినట్టే. ఆయన ఎదట, ఆయన గురించి. ఆయనకి అర్థమయ్యేదాకా రెండుసార్లు అరిచి చెప్పాలి కూడా. తెరిచిన నోరు మూసేశాను.

చెయ్యి చాపి మేస్త్రి భుజం మీద వేశాను. ఆయన వెనక్కి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. ఘాట్ అంటే ఆయనకి చిన్నపిల్లాడి సంబరం. నేనేదో మెచ్చుకోబోతున్నాననుకున్నాడు. బొటనవేలు పైకెత్తి చూపించి మళ్ళీ ముందుకు తిరిగిపోయాడు.

నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఈ మలుపు దాటాక చెబుతాను అనుకున్నాను. ఆ మలుపు దాటింది. తరవాతి మలుపు అనుకున్నాను. తెర మీద గీత పదహారు మీద, గోడ మీద గీసిన గీతలా నిలబడిపోయింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఠప్పుమని ఒక చప్పుడు. ఇది లావు చప్పుడు, మేస్త్రికీ వినిపించింది. ఉలిక్కిపడి మన్మథరావుగారి చెయ్యి పట్టుకున్నాడు. వెనకంతా తెల్లటి పొగ కమ్మేసింది. బండి రెండు గుంజులు గుంజి, కొండవారకి ఒరిగి ఆగిపోయింది.

ఆ పొగలో మేస్త్రి దిగి బానెట్టు ఎత్తాడు. అలవాటుగా స్క్రూడ్రైవరు తీసి ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఆగిపోయిన ఇంజను! కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మన్మథరావుగారు నా వైపు చూశారు. నేను లోయ వైపు చూశాను.

కిందికి దిగుతున్న లారీకి కట్టి లాక్కొచ్చాం. మర్నాడు పొద్దున్న మేస్త్రే ఇంజను హెడ్డు విప్పాడు. మూడో పిస్టన్ నడినెత్తిన కన్నం పడింది. చిటికెనవేలు దూరుతుంది. చుట్టూ అల్యూమినియం మైనంలా కరిగి పేరుకుంది.

మన్మథరావుగారు మంచి మనిషి. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పెట్రోల్లో కల్తీ ఉండుంటాది మేస్త్రీ. మీరేం చేస్తారు?" అన్నారు.

"అవునండి, కల్తీయేనండి. నాకు ముందే వాసనొచ్చింది" అన్నాను నేను. ఎంత బేగి వచ్చేసిందో అబద్ధం! ఘాట్ మీద ఒక్క మాట రాని నోరే ఇది.

మేస్త్రి నా పెదాలనే చూస్తున్నాడు. విన్నాడో, చదివాడో తెలియదు. మన్మథరావుగారు వెళ్ళేదాకా పిస్టన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన వెళ్ళాక షెడ్డు షట్టరు సగం దించి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సిత్రగుప్తుణ్ణి తియ్యి" అన్నాడు.

"ఇప్పుడెందుకు మేస్త్రీ?"

ఆయనకి అందలేదో, అక్కర్లేదనుకున్నాడో. ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టి చూపించాడు. తీశాను. నిన్నటి గీత తెర మీద పరుచుకుంది. ఎడమనుంచి కుడికి టైము, కిందనుంచి పైకి అంకె. ఆ సంగతి నేనే ఒకప్పుడు ఆయనకి సరదాగా చెప్పాను. ఏం మర్చిపోలేదు. గీత పదిహేను దాటిన చోట గోరు ఆనించి, తెగిపోయిన చోటిదాకా మెల్లగా జరిపాడు. కింద టైము చదివాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు.

"నాలుగు నిమిషాలు కూసినాదా ఇంజను?" అన్నాడు. నన్నడగలేదు. తనలో తనే అనుకున్నాడు.

తరవాత, "తువ్వాల కట్టిన రోజులవి తియ్యి" అన్నాడు.

పాడైపోయాయి మేస్త్రీ, చెరిగిపోయాయి అని చెప్పొచ్చు. ఆయన మొహం చూశాక ఆ అబద్ధం మాత్రం రాలేదు. తీశాను. ఒక్కొక్క నెలా. మొదటి రెండు నెలలు తప్ప ప్రతి నెలా ఒకటే బొమ్మ. ముందు ఆయన చెయ్యి ఆడినంతసేపూ గీత వణుకుతుంది. ఆయన సరిపెట్టుకున్న చోట ఆగుతుంది, పదమూడు దగ్గరో పదిహేను దగ్గరో. ఒక నిమిషం తిన్నగా ఉంటుంది. ఆ తరవాత తనంతట తనే మెట్టు మెట్టుగా జరిగి పద్నాలుగున్నర దాటి కుదురుకుంటుంది.

ఆ మెట్ల దగ్గర ఆయన గోరు ఆగింది.

"ఇక్కడ నేను సేతులు కడుక్కోడానికి ఎల్లుంటాను" అన్నాడు.

తరవాతి నెల గీత తీశాను.

"ఇదీ అంతే. ఇదీ." ఒకటి, రెండు, మూడు. మొత్తం పద్నాలుగు నెలలు. అన్నీ చూశాడు. ఆఖరిది చూశాక స్టూలు మీద కూర్చుండిపోయాడు. పద్నాలుగు నెలల చప్పట్లు ఒక్కసారిగా ఆయన మొహంలోంచి దిగిపోవడం చూశాను. తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది.

"మొదటి నెల్లోనే సెప్పుంటే తువ్వాల తీసి గేజి సూసుకుని పని సేసుకునీవోణ్ణి గదరా. సిగ్గేటి? రెండు రోజులుంటాది. పోతాది." కొంచెం ఆగాడు. మళ్ళీ నిన్నటి గీత తీయించి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. "నాకినబడనేదు. నీకు కనబడింది గదా?"

షెడ్డు బయట చింతపల్లి బస్సు ఆగి, ఇంజను ఆపకుండా జనాన్ని ఎక్కించుకుంటోంది. నేను తల ఎత్తలేకపోయాను. నేలకేసి చూస్తూనే చెప్పాను. అక్క అడిగిందని చెప్పాను. మీ పేరు పోతుందని భయపడ్డానని చెప్పాను. చట్టం మీరు నేర్పిందే కదా అన్నాను. ఆఖరికి, "నాదే తప్పు మేస్త్రీ. మీ సెవి తీసింది నేను. సెమించండి" అన్నాను. జీవితంలో అంత నిజం ఎవరికీ చెప్పలేదు.

చెప్పడం అయ్యాక తల ఎత్తాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఏదో పెద్ద మాటే చెప్పానని ఆయనకి తెలుస్తోంది, నా కళ్ళల్లో నీళ్ళు కనబడుతున్నాయి కదా. నా మీద జాలిపడ్డట్టు చిన్నగా నవ్వాడు. తలూపాడు.

"అంతే, అంతే" అన్నాడు.

బయట బస్సు కదిలింది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది. ఇప్పుడు మళ్ళీ చెప్పొచ్చు, దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు.